ప్రెషర్ ప్లేటు మీద రెండు చుక్కలు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు ముక్కలు. ఇంజనైతే గొలుసు కట్టి ఎత్తి పక్కన పెట్టొచ్చు. దీన్ని దింపుకోడానికి చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేదు. దేవుడికైనా చెప్పుకుందామని ఒకసారి సింహాచలం మెట్లన్నీ ఎక్కాను. తీరా లోపలికెళ్లాక నా మోకాళ్లు బాగుచెయ్యి స్వామీ అని అడిగి దిగొచ్చాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఓదారుస్తారు, లేదంటే ఛీ కొడతారు. ఆ రెండూ నాకిప్పుడు వద్దు. ఊరికే వినండి.

నేను మెకానిక్‌ని. గాజువాకలో ఒక రేకుల షెడ్డు ఉంది మాకు. మాకు అంటే నాకూ, అప్పలరాజుకీ. మేమిద్దరం బావా అంటే బావా అనుకుంటాం. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు ఇష్టమైనవాడల్లా బావే. పల్లెల్లో పొలం పని వదిలేసి ఒకే ఏడాది ఈ ఊరొచ్చాం. ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. తర్వాత కలిసి షెడ్డు పెట్టాం. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఆ షెడ్డుకి పధ్నాలుగేళ్లు.

రాజు ఇంజన్ కడతాడు. నేను వింటాను. మా పని అలా పంచుకున్నాం. ఇంజన్ మొత్తం విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ కట్టడంలో అతని చెయ్యి అలాంటిలాంటిది కాదు. నా చెయ్యి మామూలుదే, చెవి మాత్రం మంచిది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనిస్తే లోపల ఏ బేరింగ్ ఏడుస్తోందో చెప్పగలను. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంజన్ కట్టినవాడు దాని మీద తీర్పు చెప్పకూడదు. మొదటిసారి తాళం తిప్పేది రెండోవాడు. కింద దూరి చూసేదీ వాడే. బాగుందో లేదో వాడే చెప్పాలి. వాడు చెప్పిందే ఖాయం. చిన్న పనులకీ ఇదే. తన పనిలో తప్పు తనకి కనబడదని రాజే పెట్టాడు ఆ పద్ధతి. పధ్నాలుగేళ్లలో నా మాట మీద అతను ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. దీన్నంతా ఎందుకు వివరిస్తున్నానంటే, నేను దెబ్బ కొట్టింది సరిగ్గా ఇక్కడే.

పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన సన్యాసిరావు గారని మాకో పాత ఖాతాదారు. ఆయన డీజిల్ కారు కొన్ననాటి నుంచీ మా దగ్గరికే. అది పొగ కక్కి కక్కి ఇక లాగలేనంటే, మొత్తం ఇంజన్ పని చేయమన్నారు. రాజు మూడు వారాలు దాని మీద కూర్చున్నాడు. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్‌కి ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. క్రాంకుకి వెనక బిగించే ఫ్లైవీల్‌ని, దాని మీద కూర్చునే క్లచ్ ప్రెషర్ ప్లేటుని కూడా కలిపి, మూడింటినీ ఒకటిగా లేత్ షాపులో తిప్పించి బ్యాలెన్స్ చేయించాడు. అలా చేశాక మళ్లీ విడదీసి బిగించేటప్పుడు ఏది ఎలా ఉందో అలాగే పెట్టాలి. ప్రెషర్ ప్లేటు మూడు రకాలుగా కూర్చుంటుంది, మూడింట్లో ఒకటే సరైనది. అందుకని రాజు సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉక్కు కడ్డీతో ఫ్లైవీల్ అంచు మీద రెండు చుక్కలు, దానికెదురుగా ప్రెషర్ ప్లేటు అంచు మీద రెండు చుక్కలు కొట్టుకునేవాడు. అందరూ ఒకటి కొడతారు. ఇతను రెండు. తుప్పుకి ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని.

ఇంజన్ కట్టడం అయిపోయింది. ఫ్లైవీల్ కూడా బిగించేశాడు. మిగిలింది ప్రెషర్ ప్లేటు పెట్టి, గేర్‌బాక్స్ ఎక్కించడం. ఆ రోజు మధ్యాహ్నం అమ్మని కంటి డాక్టరుకి చూపించాలి బావా, అన్నాడు. నా బండి తీసుకెళ్లమని తాళం నేనే ఇచ్చాను. గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి చెప్పాడు, "సుక్కలు సూసి ఎట్టు బావా."

సాయంత్రం కావస్తుండగా స్పేర్ పార్టుల షాపు అతను ఆయిల్ సీల్ తెచ్చాడు. నేను ప్రెషర్ ప్లేటు చేతిలో పట్టుకుని ఉన్నాను. అతను కబుర్లవాడు. "ఏటి, మీ బావ మదురవాడ ఎల్లిపోతన్నాడట కదా? పెద్ద వర్క్‌షాపు, ఎడ్ మెకానిక్కట. ఇందాకే సూసినాను, లోపల మేనేజర్‌తో తిరుగుతన్నాడు. నీకు తెల్దేటి?" అన్నాడు. తెలుసు అన్నాను. ఎందుకన్నానో! తెలీదంటే పరువు పోతుందనిపించింది.

అతను వెళ్లిపోయాక నేను అలాగే నిలబడ్డాను. పధ్నాలుగేళ్లు ఒకే క్యారేజీలో తిన్నాం. వాళ్ల ఆవిడ ఉలవచారు పంపితే అందులో సగం నాది. మా నాన్న పోయినప్పుడు పాడె పట్టినవాడు. అలాంటివాడు వెళ్లిపోతానని నాతో అనలేకపోయాడా? అంటే నేను వద్దంటానా? వద్దనేవాణ్నేమో. అయినా అది నా మొహం మీద చెప్పి, నాతో దెబ్బలాడి వెళ్లాల్సింది. ఊరి నడుమ సీళ్లు అమ్ముకునేవాడి నోట వినాలా నేను? అన్నిటికంటే మండింది ఏమిటో చెప్పనా? నా బండి మీదే వెళ్లాడు. తాళం నేనే ఇచ్చాను, పెట్రోలుందో లేదో కూడా నేనే చూశాను. చదివేవాళ్లకి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. నాకు ఇప్పటికీ ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ కోపంలో ప్రెషర్ ప్లేటు పెట్టి బోల్టులు బిగించి, గేర్‌బాక్స్ ఎక్కించేశాను. చుక్కలు చూడలేదు. చూడకూడదని కాదు, ఒట్టు, గుర్తే రాలేదు. ఆ తప్పు వరకే అయితే నేను ఈ కాగితాలు పాడుచేసేవాణ్ని కాదు.

మర్నాడు పొద్దున సన్యాసిరావు గారు కొబ్బరికాయతో వచ్చారు. పద్ధతి ప్రకారం నేను తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. మెల్లగా తిరుగుతున్నంతసేపూ పట్టులా ఉంది. మా పరీక్ష ఒకటి ఉంది, స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఇంజన్ మూత మీద పెడతాం. నీళ్లు కదల్లేదు. రాజు మొహం వెలిగింది. రేసు పెంచాను. ఒకచోటికి వచ్చేసరికి పక్క అద్దం వణకడం మొదలైంది, స్టీరింగ్ వణికింది, గ్లాసు నడుచుకుంటూ అంచుకి వచ్చి కిందపడింది.

సన్యాసిరావు గారు గ్లాసుకేసి చూశారు. తర్వాత రాజుకేసి చూశారు. "ఏటి రాజూ, నీ సేత్తో కట్టిందేనా ఇది?" అన్నారు. ఎగతాళికి కాదు, పాపం నిజంగానే అడిగారు.

నేను పనిలోకి దిగాను. బండి నిలబడి ఉండగానే వణుకుతోంది గనక చక్రాలు కాదు. క్లచ్ తొక్కినా అంతే, గేర్‌బాక్స్ కాదు. ఫ్యాన్ బెల్టు తీసేసి చూశాను, అంతే. ఇంజన్‌ని మోసే రబ్బర్లు కొత్తవి, గట్టిగా ఉన్నాయి. ఒక్కో సిలిండర్‌కీ డీజిల్ ఆపి చూశాను, నాలుగూ సమానంగా కొడుతున్నాయి. అంటే మంట బాగానే ఉంది, తిరిగేదాంట్లో బరువు ఒక పక్కకి లాగుతోంది. ఇక మిగిలినవి క్రాంకూ, ఫ్లైవీలూ, ప్రెషర్ ప్లేటూ. రాజుకి నడుం నొప్పి, కింద దూరలేడు. నేనే దూరాను. గేర్‌బాక్స్ ముందు చిన్న రేకు మూత ఉంటుంది, అది విప్పి టార్చి వేసి ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పాను.

రెండు చుక్కలు వచ్చాయి. ఫ్లైవీల్ మీదవి. వాటికెదురుగా ప్రెషర్ ప్లేటు అంచు బోడిగా ఉంది. ఇంకా తిప్పాను. చుట్టులో మూడో వంతు దాటాక రెండో జత చుక్కలు వచ్చాయి.

నాకు అంతా ఒక్కసారే గుర్తొచ్చింది. వీపు కింద గోనెసంచి, మొహం మీద గ్రీజు. బయట రాజు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. రబ్బరు చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకుని ఉన్నాయి.

"ఏటి బావా, ఏటి కనిపించింది?"

నేను టార్చి ఆర్పేశాను.

"సుక్కలు కలిసినాయా?"

ఇక్కడే. ఈ క్షణాన్ని నేను తొమ్మిదేళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. కలవలేదు బావా, నిన్న నా బుర్ర సరిగా లేదు అంటే ఏమయ్యేది? అతను నవ్వేవాడు. గేర్‌బాక్స్ దింపి, ప్లేటు తిప్పి పెట్టి, మళ్లీ ఎక్కిస్తే ఒక పూట పని. బుర్ర ఎందుకు బాగోలేదని అడిగేవాడేమో. అడగనివ్వాల్సింది. ఆ మాటా ఈ మాటా బయటపడి, తిట్టుకుని, తేల్చుకునేవాళ్లం. కానీ ఆ కాళ్లని చూస్తుంటే నాకు అవి మధురవాడలో నున్నటి నాపరాళ్ల మీద నడుస్తున్నట్టు కనిపించింది. అతను కడిగిన ముత్యంలా అక్కడికి వెళ్లిపోతాడు, తప్పు చేసినవాణ్నిగా నేను ఇక్కడ మిగిలిపోతానా? అనుకున్నానా అలా? ఇన్ని మాటలు అప్పుడు అనుకోలేదు. ఇవన్నీ తర్వాత నేను నాకు అల్లుకున్నవి. అప్పుడు కలిగింది ఒక్కటే. వీడికి నొప్పి తెలియాలి.

"కలిసే ఉన్నాయి బావా," అన్నాను. "క్రాంకే. లోపలిదే."

కాలివేళ్లు అలాగే ఉన్నాయి. "అయితే నా సెయ్యే," అన్నాడు.

ఇంజన్ మళ్లీ దింపాం. నీకు నడుం కదా, పైన నువ్వు చూడు, గేర్‌బాక్స్ నేను దింపుతాను అన్నాను. ప్రెషర్ ప్లేటు అతని కంటపడకముందే విప్పేసి పక్కన పెట్టాను. ఎంత ప్రేమగా అన్నానో! నడుం సంగతి గుర్తుపెట్టుకున్నందుకు అతను సంతోషించాడు కూడా. క్రాంకు పట్టుకుని లేత్ షాపుకి పరిగెత్తాడు. అన్ని కొలతలూ సరిగ్గా ఉన్నాయి, ఏ దోషమూ లేదని వాళ్లు చెప్పారు. అతను నమ్మలేదు. మైక్రోమీటర్ చెప్పింది కాదనుకుని నేను చెప్పింది నమ్మాడు. బేరింగులు మళ్లీ మార్చాడు. పిస్టన్లు ఒక్కోటీ తూకం వేయించాడు. ఇంటికెళ్లి అన్నం తినడం లేదని వాళ్ల ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పుకుంది. నేను చూసుకుంటాన్లే చెల్లెమ్మా అన్నాను.

మళ్లీ కట్టాడు. ఈసారి చుక్కలు కలిపి ప్లేటు నేనే పెట్టాను. ఇంజన్ వణకలేదు. గ్లాసులో నీళ్లు కదలలేదు. సన్యాసిరావు గారు సంతోషంగా తీసుకెళ్లారు. అందరికీ బాగుపడింది, రాజుకి తప్ప. ఏ తప్పు చేశాడో అతనికి దొరకలేదు కదా. దొరికితే దిద్దుకోవచ్చు. దొరకనిదాన్ని ఏం చేసుకోవాలి?

ఆ రోజే, బండి గేటు దాటాక, వచ్చి నా పక్కన పాత టైరు మీద కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నాను నీకు ద్రోయం సేసినాను. ఆ రోజు అమ్మకి కళ్లూ నేదు, డాక్టరూ నేదు. మదురవాడ ఎల్లినాను. అక్కడ లిఫ్టు మీద బండి ఎత్తుతారు, వొంగక్కర్లేదు, నా నడుం నిలబడతాదనుకున్నాను. నీ మొకం సూసి సెప్పలేకపోయినాను. నీ బండి మీదే ఎల్లినాను సూడు. సింహాచలం అప్పన్నసామి సూసినాడు. అందుకే నా సేతిలో పని తీసీసినాడు."

ఏడ్చాడు. నలభై దాటిన మనిషి, గ్రీజు చేతుల్తో కళ్లు తుడుచుకుంటూ. నేనేం చేశానో తెలుసా? అప్పుడైనా చెప్పలేదు. అతని భుజం తట్టాను. "పోనీలే బావా, నా మనసులో ఏమీ లేదు," అన్నాను.

క్షమించాను! చూడండి నా దొరతనం. అతను చేసిన తప్పు ఒక్క మధ్యాహ్నానిది, అది కూడా తనంతట తనే వచ్చి ఒప్పుకున్నాడు. నేను దాన్ని పెద్ద మనసుతో పుచ్చుకుని, నాది జేబులో దాచుకున్నాను. నన్ను మోసం చేశాడని రగిలిపోయినవాణ్ని, అతను నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే ఎంత చల్లబడ్డానో. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు హాయిగా ఉంది. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

అతను మధురవాడ వెళ్లలేదు. నా చేతులు పోయాయి సార్ అని మేనేజర్‌తో చెప్పేశాడట. మళ్లీ ఇంజన్ కట్టలేదు. ఈ తొమ్మిదేళ్లలో ఒక్కటి కూడా. బ్రేకులు చేస్తాడు, క్లచ్‌లు చేస్తాడు, ఆయిల్ మారుస్తాడు. ఇంజన్లు నేను కడుతున్నాను, బొటాబొటిగా. రాజు కట్టినట్టు లేదు అని పాతవాళ్లు అంటే అతను నా తరఫున దెబ్బలాటకి వెళతాడు. రోజూ ఎదురుగానే ఉంటాడు. క్లచ్ పని చేసిన ప్రతిసారీ సెంటర్ పంచ్ తీసి టక్ టక్ మని రెండు చుక్కలు కొడతాడు. నేను షెడ్డులో ఎక్కడున్నా ఆ రెండు దెబ్బలూ వినిపిస్తాయి. మంచి చెవి అని చెప్పాను కదా.

ఇక అతని మీద కోపం పోయిందా అంటే, పోలేదు. అదే నాకు అర్థం కాదు. ఆ బండి తాళం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదని ఇప్పటికీ తెల్లారగానే అనిపిస్తుంది. పళ్లు తోముకునేలోపు, మరి నువ్వు చెప్పావా అని నాకు నేనే అడుగుతాను.

ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు చెబుతున్నానని మీరు అనుకోవచ్చు. పోయిన వారం ఒక కారు వచ్చింది. గోపాలపట్నంలో ఎవరో ఇంజన్ పని చేశారట, రేసు పెంచితే వణుకుతోంది. నాకు కంటి ఆపరేషన్ అయింది, కింద పడుకోకూడదన్నారు. రాజు తన నడుముని తిట్టుకుంటూ తనే దూరాడు. రేకు మూత విప్పిన చప్పుడు వినిపించింది. టార్చి వెలుగు కనిపించింది. ఫ్లైవీల్‌ని ఒక చుట్టు తిప్పాడు, మళ్లీ ఇంకో చుట్టు తిప్పాడు.

"సుక్క కలవనేదు బావా," అన్నాడు లోపల్నుంచి. "ఎవుడో సూసుకోకుండా ఎట్టీసినాడు."

బయటికి వచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. నాకేసి చూడకుండా అన్నాడు. "సన్యాసిరావు గారి బండి కూడా ఇలాగే వణికినాది కదా బావా. గ్లాసు పడిపోనాది."

అతను అడిగినది ఏమిటో నాకు తెలుసు. నేను చెప్పాల్సినది ఏమిటో కూడా తెలుసు. నోటిదాకా వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత నాకు ఇంకో అవకాశం ఇచ్చాడు మహానుభావుడు, అదీ ప్రశ్నలా కాకుండా, నా పరువు పోకుండా.

"అది క్రాంకు కదా బావా," అన్నాను.

"అవును కదూ," అన్నాడు. గుడ్డ మడిచి బెంచీ మీద పెట్టాడు. ఆ పూట క్యారేజీ విప్పినప్పుడు ఎప్పట్లాగే కూర సగం నా గిన్నెలో వేశాడు. కానీ ఆ రోజు నుంచీ తాళం తిప్పడానికి నన్ను పిలవడం మానేశాడు. తన పని తనే చూసుకుంటున్నాడు, తనే వింటున్నాడు. పద్ధతి తీసేశాడు. ఎందుకని అడిగే మొహం నాకు లేదు.

అతనికి తెలుసా? తెలిసి, నేను తనని క్షమించినట్టే నన్నూ క్షమించి ఊరుకున్నాడా? లేక, నేనప్పుడు చేసింది క్షమించడం కాదని కూడా తెలుసుకున్నాడా? నాకు తెలీదు. మీరు చెప్పినా నమ్మను.

ఇది బండ్ల పని రాసుకునే జాబ్ కార్డుల వెనక రాస్తున్నాను. మధ్యాహ్నం, షెడ్డులోనే. అతను అవతల క్లచ్ పని మీద ఉన్నాడు.  ఏటి రాత్తన్నావు బావా అని ఇందాక ఒకసారి అడిగాడు. లెక్కలు అన్నాను, చూశారా, ఇంకోటి. ఈ కాగితాలు అతని చేతిలో పెడతానో లేదో నాకు తెలీదు. మాట మాత్రం ఒకచోట దింపాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి అది నాలో కాకుండా బయట ఉంది, నా చేతిరాతతో, గ్రీజు మరకతో.

అవతల సెంటర్ పంచ్ మోగింది. టక్. టక్.

సుక్కలు కలవలేదు బావా.